తల్లి ముఖంలో మరణవార్త వెతికిన రాజ్యం

"ఆ రాత్రి అతను చనిపోయి ఉంటే, కనీసం అతని తల్లి బతికేది కదా!"

చరిత్ర ఇష్టంగా చదివే మిత్రుడొకరు నెల కిందట అన్న మాట ఇది. మేము మాట్లాడుకుంటున్నది రెండు వేల ఏళ్ళకు పూర్వం, చైనాలో హాన్ వంశం ఏలుతున్న కాలంలో బతికిన లి లింగ్ అనే సేనాపతి గురించి. ఆయన ఆ మాట కఠినంగా అనలేదు, జాలితోనే అన్నారు. నేను మాత్రం సమాధానం చెప్పలేక ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. వినడానికి తర్కం సరిగ్గానే ఉంది, అయినా అందులో ఏదో ఘోరమైన పొరపాటు ఉందని మనసు పీకుతూనే ఉంది. ఆ పొరపాటు ఎక్కడుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

లి లింగ్ నాకు పరిచయమైంది సిమా చియెన్ వల్ల. చైనా మహా చరిత్రకారుడైన సిమా చియెన్ గురించి కాలేజీ రోజుల్లో ఎక్కడ చదివినా ఒకే వాక్యం ఎదురయ్యేది: శత్రువుకు లొంగిపోయిన ఒక సేనాపతిని సమర్థించినందుకు చక్రవర్తి ఆయనకు పుంసత్వం తీసేసే శిక్ష వేశాడు. ఆ వాక్యంలో సేనాపతి ఒక కారణం మాత్రమే. పేరు ఒక్కోసారి ఉండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. ఒక పండితుడు తన శరీరం పోగొట్టుకునేంతగా వెనకేసుకొచ్చాడంటే ఆ మనిషి ఎలాంటివాడై ఉండాలి? ఆ ప్రశ్న నన్ను బాన్ గు రాసిన హాన్ వంశ చరిత్ర దాకా తీసుకువెళ్ళింది. లి లింగ్ కథ వివరంగా ఉన్నది అందులోనే. సిమా చియెన్ తన గ్రంథంలో అతని గురించి కొద్ది వాక్యాలే రాశాడు. అంత దెబ్బ తిన్న చెయ్యి అంతకంటే ఎక్కువ రాయకపోవడాన్ని నేను అర్థం చేసుకోగలను.

లి కుటుంబం పశ్చిమాన లోంగ్‌షి ప్రాంతానిది. తరతరాలుగా విలుకాళ్ళు. తాత లి గ్వాంగ్ ఉత్తరాది గడ్డిమైదానాల నుంచి గుర్రాల మీద వచ్చిపడే షియోంగ్‌ను తెగలతో చిన్నా పెద్దా కలిపి డెబ్భైకి పైగా యుద్ధాలు చేశాడు. శత్రువులే ఆయన్ని ఎగిరే సేనాపతి అన్నారు. క్రీ.పూ. 119లో ఎడారిలో దారి తప్పి, చేరవలసిన చోటికి సమయానికి చేరలేకపోయాడు. అరవై దాటిన వయసులో గుమాస్తాల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం ఇష్టం లేక మెడ కోసుకున్నాడు. తండ్రికి జరిగిన అవమానం సహించలేక చిన్నాన్న లి గాన్ మహాసేనాని వెయ్ చింగ్ మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ తర్వాత వేటలో వెయ్ చింగ్ మేనల్లుడు హువో చూబింగ్ అతన్ని బాణంతో కొట్టి చంపాడు. దుప్పి పొడిచి చనిపోయాడని ప్రకటించి చక్రవర్తి ఆ హత్యను కప్పిపుచ్చాడు. లి లింగ్ తండ్రి సంగతి చెప్పాలంటే, కొడుకు పుట్టకముందే కన్నుమూశాడు. ఇలాంటి ఇంట్లో, తండ్రి ముఖం చూడని బిడ్డగా పెరిగాడు లి లింగ్. ఓడిన మనిషిని రాజసభ ఏం చేస్తుందో అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇక క్రీ.పూ. 99. సింహాసనం మీద వూ చక్రవర్తి. ఆ ఏటి దండయాత్రకు నాయకుడు లి గ్వాంగ్‌లి. పేరు దగ్గరగా ఉంది కానీ తాత లి గ్వాంగ్‌కీ ఇతనికీ చుట్టరికం లేదు. చక్రవర్తి ఎంతో ప్రేమించి పోగొట్టుకున్న లి అనే రాణికి ఇతను సోదరుడు. అతని సైన్యానికి సామగ్రి బండ్లు నడిపించమని లి లింగ్‌కు ఆజ్ఞ వచ్చింది. లి లింగ్ ఒప్పుకోలేదు. దక్షిణాన చూ ప్రాంతం నుంచి వచ్చిన 5,000 మంది కాల్బలానికి సరిహద్దులో విలువిద్య నేర్పుతున్నాడు అప్పటికి. వాళ్ళను తీసుకుని వేరే దారిన వెళ్ళి శత్రువు బలాన్ని చీలుస్తానన్నాడు. ఇవ్వడానికి గుర్రాలు లేవు అన్నాడు చక్రవర్తి. అక్కర్లేదు, కాలినడకనే షియోంగ్‌ను రాజైన చాన్యు కొలువు దాకా వెళతాను అన్నాడు లి లింగ్.

ఇది పొగరే. ముప్ఫై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్న యోధుడి పొగరు. నేను దాన్ని దాచను. అయితే పొగరు చూపినవాడు ఒకడు, దాన్ని మెచ్చుకుని సంతకం పెట్టినవాడు మరొకడు. మైదానంలో గుర్రపు దండు మీదికి కాల్బలాన్ని పంపడం ఎంత ప్రమాదమో నలభై ఏళ్ళుగా యుద్ధాలు నడిపిస్తున్న చక్రవర్తికి తెలియదా?

తెలుసు. అందుకే దారి మధ్యలో ఎదురు వెళ్ళి కలుసుకోమని లు బోదె అనే ముసలి సేనానికి చెప్పాడు. తనకంటే చిన్నవాడి వెనక కాపలాగా వెళ్ళడం నామోషీ అనుకున్న లు బోదె, ఇది శరదృతువు, శత్రువుల గుర్రాలు బలిసి ఉంటాయి, వసంతం దాకా ఆగుదాం అని లేఖ రాశాడు. లి లింగే భయపడి ఆ లేఖ రాయించాడని చక్రవర్తి అనుమానించాడు. కోపంతో లు బోదెను మరో దిక్కుకు పంపేసి, లి లింగ్‌ను వెంటనే కదలమన్నాడు. ఆదుకోవలసిన సైన్యం అలా తప్పుకుంది. లి లింగ్ తలరాత రాసింది ఈ ఉత్తరాలే.

జుయెన్ కోట నుంచి ఉత్తరంగా 30 రోజుల నడక. ఈ జుయెన్ ఇవాళ్టి లోపలి మంగోలియాలో, ఎడారి అంచున ఉంటుంది. 1930లో అక్కడి శిథిల కాపలా బురుజుల్లో హాన్ కాలపు చెక్క పలకలు సుమారు 10,000 దొరికాయి. సైనికుడికి ఎంత ధాన్యం ఇచ్చారు, ఏ బురుజులో ఎన్ని విల్లులు, ఎన్ని బాణాలు ఉన్నాయి, ఇలాంటి లెక్కలు వాటినిండా. వాటి గురించి చదివినప్పుడల్లా నా మనసు లి లింగ్ దగ్గరికే పోతుంది. బాణం బాణానికీ లెక్క రాసుకున్న రాజ్యం అది.

జున్‌జి పర్వతాల దగ్గర చాన్యు 30,000 మంది రౌతులతో చుట్టుముట్టాడు. లి లింగ్ బండ్లను కోటగోడలా నిలిపాడు. ముందు వరుసలో ఈటెలు, డాళ్ళు. వెనక వరుసలో విల్లులు. డోలు మోగితే ముందుకు, గంట మోగితే వెనక్కి. కొన్ని వేలమంది రౌతులు ఆ రోజు కూలిపోయారు. చాన్యు బెదిరి చుట్టుపక్కల నుంచి మరో 80,000 మందిని రప్పించాడు. లి లింగ్ పోరాడుతూనే దక్షిణానికి, ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు. మూడు గాయాలు తగిలినవాడు బండి ఎక్కాలి, రెండు తగిలినవాడు బండి నడపాలి, ఒకటే అయితే ఆయుధం పట్టుకుని పోరాడాలి. అదీ నియమం. రెల్లు దుబ్బుల మధ్య చిక్కినప్పుడు శత్రువు గాలివాలున నిప్పు పెడితే, తాము కూడా ముందుగా చుట్టూ తగలబెట్టుకుని ఆ మంట తమ దాకా రాకుండా ఆపుకున్నారు. కొండపల్లంలో పోరుతుండగా వాళ్ళ విల్లులు చాన్యునే గురిపెట్టాయి. అతను కిందికి దిగి పారిపోవలసి వచ్చింది.

ఇంత చిన్న దండు ఇంతగా ఎదురునిలుస్తోందంటే ఎక్కడో పెద్ద సైన్యం పొంచి ఉంది, మనల్ని సరిహద్దు వైపు లాగుతున్నారు అని చాన్యు అనుకున్నాడు. వెనక్కి మళ్ళాలనే ఆలోచన కూడా వచ్చింది. అప్పుడు గ్వాన్ గాన్ అనే హాన్ సైనికుడు, తన పైఅధికారి చేసిన అవమానం భరించలేక శత్రువు శిబిరానికి పారిపోయి నిజం చెప్పేశాడు: వెనక ఏ సైన్యమూ లేదు, బాణాలు అయిపోవస్తున్నాయి.

ఆ తర్వాత ఒక్క రోజులో 5,00,000 బాణాలు ఖర్చయ్యాయి. బయలుదేరినప్పటి లెక్కన మనిషికి నూరు. బండ్లు వదిలేశారు. మిగిలింది 3,000 పైచిలుకు మనుషులు. బండి చక్రాల ఆకులు నరికి చేతుల్లో పట్టుకున్నారు. పైనుంచి శత్రువు బండలు దొర్లిస్తుంటే ఒక ఇరుకు లోయలో ఆగిపోయారు.

ఆ రాత్రి గురించి బాన్ గు రాసింది నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. లి లింగ్ మామూలు దుస్తులు వేసుకుని ఒంటరిగా బయటికి వెళ్ళాడు. ఎవరూ వెంట రావద్దు, చాన్యును నేనొక్కడినే పట్టుకుంటాను అన్నాడు. చాలాసేపటికి తిరిగివచ్చి, అయిపోయింది, చావడమే అని నిట్టూర్చాడు. ఒక అధికారి ఓదార్చబోయాడు: జావ్ పోను అనే సేనాని కూడా శత్రువుకు చిక్కి, తర్వాత తప్పించుకుని వచ్చాడు, చక్రవర్తి ఆదరించాడు కదా, మీరూ బతకండి. లి లింగ్ ఒప్పుకోలేదు. నేను చావకపోతే మగవాణ్ణి కాను అన్నాడు. జెండాలు నరికించాడు. విలువైనవన్నీ పాతిపెట్టించాడు. మనిషికి ఇంకొన్ని పదుల బాణాలుంటే బయటపడేవాళ్ళమే అన్నాడు. ఒక్కొక్కరికి అర లీటరు కూడా నిండని వేయించిన గింజలు, దాహానికి ఒక మంచుముక్క ఇచ్చి, చీకట్లో చెల్లాచెదురుగా పారిపోండి, సరిహద్దు కోట దగ్గర కలుసుకోండి, ఒక్కడైనా చక్రవర్తికి కబురు చెప్పండి అన్నాడు. నడిరేయి బయలుదేరే సంకేతానికి డోలు కొడితే అది మోగలేదు.

మంచుముక్క, మోగని డోలు. ఇలాంటి వివరాలు ఏ ఆస్థాన లేఖకుడూ కల్పించలేడని నా నమ్మకం. తిరిగివచ్చిన సైనికుడెవరో చెప్పి ఉండాలి.

లి లింగ్, అతని సహచరుడు హాన్ యెన్‌నియెన్ పదిమంది వీరులతో గుర్రాలెక్కి బయలుదేరారు. వేలమంది రౌతులు వాళ్ళ వెంటపడ్డారు. హాన్ యెన్‌నియెన్ పోరులో చనిపోయాడు. చక్రవర్తికి చూపడానికి నాకు ముఖం లేదు అని లి లింగ్ లొంగిపోయాడు. సరిహద్దు అక్కడికి నలభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరం. చీకట్లో చెదిరిపోయినవాళ్ళలో 400 పైచిలుకు మంది కోట చేరుకున్నారు.

ఆ 400 మందిని నేను మరిచిపోలేను. అందరం ఇక్కడే చచ్చిపోదాం అని ఆ లోయలో అతను ఆజ్ఞాపించి ఉంటే, అది పాటలు కట్టదగిన చావు అయ్యేది. ఆ నాలుగు వందల ఇళ్ళలో దీపాలు మాత్రం ఆరిపోయేవి.

మన భాషలో యుద్ధంలో చనిపోయినవాడికి వీరమరణం అనే గొప్ప మాట ఉంది. శాయశక్తులా పోరాడి, బతికి పట్టుబడినవాడికి అంత గౌరవమిచ్చే మాట ఒక్కటి నాకు తట్టలేదు. యుద్ధఖైదీ అంటాం, అది కాగితాల మీది మాట. చావుకు మాత్రమే బిరుదు ఇచ్చే అలవాటు మనకూ ఉంది కాబట్టే, నా మిత్రుడి వాక్యం అంత సహజంగా వచ్చిందనుకుంటాను.

ఇక రాజసభ సంగతి. యుద్ధం మొదట్లో లి లింగ్ పంపిన దూత చెన్ బూలె పటాలతో వచ్చి శుభవార్త చెప్పినప్పుడు మంత్రులందరూ పానపాత్రలు ఎత్తి చక్రవర్తిని అభినందించారు. కొన్నాళ్ళకు ఓటమి వార్త వచ్చింది. లి లింగ్ బతికి ఉన్నాడో లేడో తెలియదు. అతను పోరాడి చనిపోయి ఉండాలని చక్రవర్తి కోరుకున్నాడు. లి లింగ్ తల్లినీ భార్యనూ పిలిపించి, ముఖలక్షణాలు చదివేవాడి చేత వాళ్ళ ముఖాలు చూపించాడు. కొడుకు చావు, భర్త చావు ఆ ముఖాల్లో కనిపిస్తుందేమోనని. అలాంటి ఛాయలు లేవన్నాడు అతను.

నాకు ఈ కథలో అన్నిటికంటే భయం కలిగించేది ఈ దృశ్యం. ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఏం కోరుకుని నిలబడి ఉంటారు? బిడ్డ బతికి ఉండాలనేగా! ఎదురుగా కూర్చున్న రాజ్యం కోరుకుంటున్నది మరొకటి. తల్లి ముఖం శుభం పలికితే అది రాజసభకు అశుభం.

లొంగిపోయాడని రూఢిగా తెలిశాక చెన్ బూలె ఆత్మహత్య చేసుకున్నాడు. పానపాత్రలు ఎత్తిన నోళ్ళే ఇప్పుడు నిందలు మొదలుపెట్టాయి. జ్యోతిష, చరిత్ర రికార్డుల అధికారిగా ఉన్న సిమా చియెన్‌ను చక్రవర్తి అభిప్రాయం అడిగాడు. తర్వాత రెన్ ఆన్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆ రోజు జరిగింది సిమా చియెన్ స్వయంగా చెప్పాడు. తనకూ లి లింగ్‌కూ స్నేహం లేదట, కలిసి ఒక్క గిన్నె మద్యం కూడా తాగలేదట. కానీ తల్లిదండ్రుల పట్ల భక్తి, డబ్బు దగ్గర నిజాయితీ, కిందివాళ్ళ పట్ల వినయం ఉన్న మనిషిగా అతన్ని గమనించాడు. తమ శరీరాలనూ పెళ్ళాం పిల్లలనూ భద్రంగా కాపాడుకున్న మంత్రులు ప్రాణాలకు తెగించినవాడి తప్పులను పులియబెట్టి పెంచుతుంటే మనసు రగిలిందన్నాడు. లి లింగ్ చావకపోవడానికి కారణం, సరైన అవకాశం చూసుకుని హాన్‌కు రుణం తీర్చుకోవాలనే అని తన నమ్మకం చెప్పాడు.

చక్రవర్తికి ఇందులో వినిపించింది వేరు. లి లింగ్‌ను పొగడటమంటే లి గ్వాంగ్‌లిని తక్కువ చేయడమే అనుకున్నాడు. అదే ఏడు 30,000 మంది రౌతులతో వెళ్ళిన లి గ్వాంగ్‌లి కూడా చుట్టుముట్టబడి, పదిమందిలో ఆరేడుగురిని పోగొట్టుకుని వచ్చాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. సిమా చియెన్ దగ్గర శిక్ష తప్పించుకోవడానికి కట్టే డబ్బు లేదు. పరిచయస్తులెవరూ నోరు విప్పలేదు. శిక్ష అమలైంది.

ఇప్పుడు నా మిత్రుడి వాక్యానికి వస్తాను. ఆ రాత్రి నిద్ర పట్టక మళ్ళీ పుస్తకం తీసి సంవత్సరాలు సరిచూశాను. లి లింగ్ లొంగిపోయినందుకు అతని తల్లిని చంపలేదు. ఆమెను నిర్బంధంలో ఉంచారు, కానీ ఏడాదికి పైగా బతికే ఉంది. అంతేకాదు, చక్రవర్తికి పశ్చాత్తాపం కూడా కలిగింది. లు బోదెకు ముందుగానే ఆజ్ఞ ఇచ్చి, ఆ ముసలి సేనాని మోసానికి తావిచ్చానని ఒప్పుకున్నాడు. తప్పించుకుని వచ్చిన సైనికులకు బహుమతులిచ్చాడు. లి లింగ్‌ను వెనక్కి తీసుకురమ్మని క్రీ.పూ. 97లో గొంగ్‌సున్ ఆవ్ అనే సేనానిని పంపాడు. ఏమీ సాధించకుండా తిరిగివచ్చిన గొంగ్‌సున్ ఆవ్, ఒక ఖైదీ చెప్పాడంటూ ఒక మాట మోసుకొచ్చాడు: లి లింగ్ షియోంగ్‌నుకు యుద్ధవిద్య నేర్పుతున్నాడు, అందుకే నాకు ఏమీ దొరకలేదు. ఆ ఒక్క మాట మీద తల్లి, తమ్ముడు, భార్య, పిల్లలు, అందరినీ నరికించారు.

యుద్ధవిద్య నేర్పుతున్నది లి లింగ్ కాదు. లి షూ అనే మరో సరిహద్దు అధికారి, అంతకుముందే లొంగిపోయినవాడు. ఇంటిపేరు ఒకటే కావడం ఎంత పని చేసిందో! కొన్నాళ్ళకు హాన్ దూత ఒకడు వచ్చినప్పుడు లి లింగ్ అడిగాడు: "5,000 మంది కాల్బలంతో షియోంగ్‌ను నేల మీద తిరిగాను. సాయం రాక ఓడిపోయాను. హాన్‌కు నేనేం ద్రోహం చేశానని నా కుటుంబాన్ని చంపారు?" మీరు శత్రువుకు యుద్ధవిద్య నేర్పుతున్నారని విన్నాం అన్నాడు దూత. "అది లి షూ, నేను కాదు." ఆ తర్వాత లి లింగ్ మనిషిని పెట్టి లి షూను చంపించాడు. దాంతో ప్రాణం మీదికి వస్తే చాన్యు అతన్ని ఉత్తరాన దాచి కాపాడాడు, తర్వాత తన కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు, పెద్ద పదవి ఇచ్చాడు.

కాబట్టి మిత్రమా, ఆ తల్లిని చంపింది కొడుకు బతుకు కాదు. ఓడి వచ్చిన సేనాని చెప్పిన సాకు, దాన్ని విచారించని చక్రవర్తి తొందర. లి లింగ్ ఆ రాత్రి చనిపోయి ఉంటే ఆమె బతికేదేమో, నిజమే. అలా అన్నామంటే కొడుకు శవాన్ని తల్లి ప్రాణానికి జామీనుగా పెట్టిన ఏర్పాటును మనం న్యాయమని ఒప్పుకున్నట్టే. ఆ ఏర్పాటు చేసినవాణ్ణి వదిలేసి, అందులో ఇరుక్కున్నవాణ్ణి ఎందుకు చావలేదని అడుగుతున్నాం. మీ వాక్యంలో నాకు గుచ్చుకున్న ముల్లు ఇదే.

లి లింగ్ మచ్చలేనివాడని నేను అనడం లేదు. నా వాదానికి అడ్డొచ్చే రెండు సంగతులున్నాయి. వాటిని దాచి అతని పక్షాన మాట్లాడితే నేనూ రాజసభ చేసిన పనే చేసినవాణ్ణవుతాను.

మొదటిది దక్షిణానికి నడుస్తున్న రోజుల్లోది. సైనికుల్లో ఉత్సాహం తగ్గింది, డోలుకు స్పందన లేదు, దండులో ఆడవాళ్ళున్నారా అని లి లింగ్ అనుమానించాడు. ఉన్నారు. తూర్పు ప్రాంతపు దొంగల భార్యలుగా సరిహద్దుకు వెళ్ళగొట్టబడినవాళ్ళు, సైనికులకు భార్యలై బండ్లలో దాక్కుని వచ్చారు. లి లింగ్ వాళ్ళందరినీ వెతికించి కత్తితో నరికించాడు. మర్నాడు సైన్యం 3,000 మంది శత్రువులను చంపిందని బాన్ గు తర్వాతి వాక్యంలోనే రాశాడు, ఒకదానికి ఫలితం మరొకటి అన్నట్టు. లి లింగ్ కథ చెప్పేవాళ్ళు చాలామంది దీన్ని దాటేస్తారు. నేను దాటలేను. అతని తల్లీ భార్యా ఏ తప్పూ చేయకుండా కత్తికి బలయ్యారని ఏడ్చే హక్కు నాకు ఉండాలంటే, ఆ బండ్లలోని ఆడవాళ్ళ కోసం కూడా ఏడవాలి. లొంగిపోవడాన్ని నేరంగా చూసిన రాజ్యానికి ఇది నేరంగా కనిపించలేదు. నా దృష్టిలో లి లింగ్ జీవితంలో క్షమించలేనిది ఇదే.

రెండోది క్రీ.పూ. 90లో జరిగింది. హాన్ సైన్యం మళ్ళీ ఉత్తరానికి వచ్చింది. ఒక దళం వెనుదిరుగుతుండగా 30,000 మంది షియోంగ్‌ను రౌతులు తరుముకుంటూ వెళ్ళారు. వాళ్ళకు నాయకత్వం వహించినవాళ్ళలో లి లింగ్ ఉన్నాడు. రెండు దళాలూ తలపడిన చోటు జున్‌జి పర్వతం. తొమ్మిదేళ్ళ కిందట తాను చుట్టుముట్టబడిన కొండలే. తొమ్మిది రోజులు పోరు సాగింది, ఫలితం లేక షియోంగ్‌ను వెనక్కి మళ్ళింది. వేరే ఎవరి కథలోనైనా దీన్ని ద్రోహం అనే అంటాను, ఇక్కడా అంటాను. కానీ క్రమం చూడండి. ముందు ద్రోహి అని పేరు పెట్టారు, తర్వాత శిక్ష వేశారు, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు అతను ఆ పేరుకు తగిన పని చేశాడు. సిమా చియెన్ చెప్పినట్టు రుణం తీర్చుకునే మనిషి ఒకప్పుడు ఉండి ఉంటే, ఆ మనిషిని చంపినవాళ్ళు హాన్ రాజధాని చాంగాన్ నగరంలో ఉన్నారు.

అదే ఏడాది మరొకటి కూడా జరిగింది. ఎవరిని తక్కువ చేశాడని సిమా చియెన్ శరీరం కోశారో ఆ లి గ్వాంగ్‌లి, 70,000 మందితో వెళ్ళి, ఇంట్లోవాళ్ళు చేతబడి కేసులో పట్టుబడ్డారని దారిలో తెలిసి, తెగించి లోపలికి చొచ్చుకుపోయి, సైన్యాన్ని పోగొట్టుకుని షియోంగ్‌నుకే లొంగిపోయాడు.

లి లింగ్ గురించి మాట్లాడినప్పుడల్లా పక్కన సు వును నిలబెట్టడం చైనాలో శతాబ్దాల ఆచారం. క్రీ.పూ. 100లో దూతగా వెళ్ళి చిక్కుకున్న సు వు లొంగలేదు. ఉత్తరాన బైకాల్ సరస్సు ఒడ్డున పొట్టేళ్ళను కాయమని, అవి పాలిచ్చిన రోజున ఇంటికి పోవచ్చని పంపేశారు. 19 ఏళ్ళు, చేతిలోని దూత దండానికి వేలాడే వెంట్రుకల కుచ్చులన్నీ రాలిపోయేదాకా ఉన్నాడు. నేను ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆయన్ని కొలబద్దగా చేసి లి లింగ్‌ను కొట్టడం నాకు నచ్చదు. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలా చూసుకోలేదు.

ఇద్దరూ ఒకప్పుడు రాజమందిరంలో సహచరులు. సు వు దూతగా వెళ్ళాక ఆయన తల్లి చనిపోతే, అంత్యక్రియలకు వెంట వెళ్ళింది లి లింగ్. తన తల్లికి ఆ భాగ్యం దక్కించలేకపోయినవాడు. చాన్యు పంపగా సరస్సు ఒడ్డుకు వచ్చి, ఆ కబురు చెప్పాడు. సు వు అన్న రథం కర్ర స్తంభానికి తగిలి విరిగితే మహాపరాధమని నింద మోపారని, ఆయన కత్తి మీద పడి చనిపోయాడని చెప్పాడు. తమ్ముడు ఒక దోషిని పట్టుకోలేకపోయి భయంతో విషం తాగాడని చెప్పాడు. మనిషి బతుకు ఉదయపు మంచు లాంటిది, ఎందుకింత కష్టం అని అడిగాడు. లొంగిపోయిన కొత్తలో తాను పిచ్చివాడిలా తిరిగానన్నాడు. సు వు కదల్లేదు. ఇంకా బలవంతపెడితే మీ ముందే చనిపోతానన్నాడు. లి లింగ్ కన్నీళ్ళతో, నా పాపం ఆకాశానికంటింది అన్నాడు. తర్వాత సు వుకు కొన్ని పదుల ఆవులు, గొర్రెలు పంపాడు. తన చేత్తో ఇవ్వడానికి సిగ్గుపడి భార్య చేత ఇప్పించాడు.

ఆకాశానికంటిన పాపం అని తానే అన్నాడు కదా, ఇంకా నువ్వేం వాదిస్తావు అని అడగవచ్చు. తనను తాను అంత కఠినంగా తీర్పు చెప్పుకున్న మనిషికి మరో శిక్ష వేయడానికి నాకు మనసు రాదు. అంతే నా జవాబు.

క్రీ.పూ. 81లో సు వు విడుదలయ్యాడు. వీడ్కోలు విందులో లి లింగ్ లేచి నాట్యం చేస్తూ పాడాడు. ఎడారులు దాటి వచ్చాం, దారులు మూసుకుపోయాయి, బాణాలూ కత్తులూ విరిగిపోయాయి, ముసలి తల్లి చనిపోయింది, రుణం తీర్చుకుందామన్నా ఎక్కడికి పోను అని. సు వు చాంగాన్ చేరి గౌరవాలు అందుకున్నాడు. మరుసటి ఏడాదే ఆయన కొడుకు సు యువాన్ ఒక కుట్ర కేసులో చిక్కి మరణశిక్షకు గురయ్యాడు. 19 ఏళ్ళ నిష్ఠ కూడా కొడుకును కాపాడలేదు.

వూ చక్రవర్తి క్రీ.పూ. 87లోనే పోయాడు. కొత్త చక్రవర్తి చిన్నపిల్లవాడు. అధికారం నడుపుతున్న హువో గ్వాంగ్, షాంగ్‌గ్వాన్ జియె ఇద్దరూ లి లింగ్ పాత స్నేహితులే. అతన్ని పిలుచుకురమ్మని లోంగ్‌షి వాడే అయిన రెన్ లిజెంగ్‌ను పంపారు. చాన్యు ఇచ్చిన విందులో విడిగా మాట్లాడే వీలు లేదు. రెన్ లిజెంగ్ లి లింగ్ కళ్ళలోకి చూస్తూ తన కత్తి పిడికి ఉన్న ఉంగరాన్ని మాటిమాటికీ తడిమాడు. చైనా భాషలో ఉంగరానికీ తిరిగిరావడానికీ ఉచ్చారణ ఒకటే. కాలు కూడా పట్టుకుని చూపాడు, నడిచి వచ్చేయమని.

మరో రోజు విందులో దేశంలో క్షమాభిక్ష ప్రకటించారని, పాత స్నేహితులే పాలిస్తున్నారని గట్టిగా చెప్పాడు. లి లింగ్ మాట్లాడలేదు. షియోంగ్‌ను పద్ధతిలో ముడివేసుకున్న తన జుట్టును చేత్తో నిమురుకుని, "నేను ఇప్పటికే వీళ్ళ దుస్తులు కట్టేశాను" అన్నాడు. పక్కనున్న మరో అధికారి కాసేపు లేచి వెళ్ళగానే రెన్ లిజెంగ్ మెల్లగా, ఎంత కష్టపడ్డావయ్యా, హువో, షాంగ్‌గ్వాన్ నిన్ను అడిగామన్నారు అన్నాడు. వాళ్ళు కులాసాగా ఉన్నారా అని అడిగాడు లి లింగ్. వచ్చేయ్, సిరిసంపదల గురించి దిగులు పడకు అన్నాడు రెన్ లిజెంగ్.

"తిరిగిరావడం తేలికే. మళ్ళీ అవమానపడాల్సి వస్తుందేమోనని భయం. ఏం చేయను?"

మాట పూర్తి కాకముందే ఆ అధికారి తిరిగివచ్చాడు. విందు ముగిసి అందరూ లేచి వెళ్తున్నప్పుడు రెన్ లిజెంగ్ వెంట నడుస్తూ చివరిసారి అడిగాడు, నీకు రావాలని ఉందా అని.

"మనిషి రెండుసార్లు అవమానపడలేడు" అన్నాడు లి లింగ్. ఆ తర్వాత అక్కడే ఉండి, క్రీ.పూ. 74లో ఆ గడ్డిమైదానాల్లోనే చనిపోయాడు.